ఏం చేశావో అడగండి, ఏమయ్యావో వద్దు

మా అక్క కూతురు వేసవి సెలవుల రిపోర్టు పంపించి, "పిన్నీ, ఒక్కసారి తప్పులు చూసిపెట్టవా, రేపే లాస్ట్ డేట్" అంది. చూశాను. తప్పులేం లేవు. తప్పు దొర్లడానికి సరిపడా విషయం కూడా అందులో లేదు. సెలవుల్లో అమ్మాయి ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసింది, స్నేహితురాళ్ళతో కలిసి ఊళ్ళు తిరిగింది, మధ్యలో ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసింది. ఆ మూడింటికీ కలిపి అర పేజీ ఇచ్చింది. మిగిలిన నాలుగు పేజీలూ "ఈ వేసవి నన్ను ఎలా మార్చింది" అనే శీర్షిక కిందే ఉన్నాయి. నాయకత్వ లక్షణాలు పెరిగాయట. సమయపాలన అలవడిందట. ఒత్తిడిని తట్టుకోవడం, బృందంలో ఇమిడిపోవడం, సానుకూల దృక్పథం, అన్నీ వచ్చేశాయట. ఇన్ని సుగుణాలున్న మనిషిని నేను ఇంతవరకూ ఎక్కడా చూడలేదు, మా ఇంట్లో అసలే చూడలేదు.

ఆ శీర్షిక తను పెట్టుకున్నది కాదు, కాలేజీ ఇచ్చిన ఫారంలోనే అచ్చయి ఉంది. ఎన్ని మాటలకు తగ్గకూడదో కూడా ఉంది. కాబట్టి నా గొడవ పిల్లతో కాదు, ఫారంతో. ఒక విద్యార్థి సెలవులు ఎలా గడిపిందో తెలుసుకోవాలంటే ఏం చేసిందో అడగాలి. ఏమైందో, ఎంత ఎదిగిందో ఆమెనే అడిగి, ఆమె చేతే రాయించి, దానికి మార్కులు వేయడం వల్ల నిజం తెలియదు సరికదా, ఉన్న నిజం కూడా చెరిగిపోతుంది. ఈ మాట కొంచెం మొండిగా ఉందని నాకూ తెలుసు. అందుకే ఇంత పొడుగు పోస్టు.

రెండు ఫైళ్ళు, ఒకటే పేరు

ఫోన్ చేసి, "రిపోర్టు సంగతి అలా ఉంచు, ఆ గదిలో రోజూ ఏం చేసేదానివి?" అని అడిగాను. మొదట్లో "ఏముంది పిన్నీ, డేటా ఎంట్రీ" అంది. కాసేపు కదిలిస్తే అసలు కథ బయటికొచ్చింది.

పాత కాగితం ఫైళ్ళను కంప్యూటర్లోకి ఎక్కించడం తన పని. ఒకే రోగికి రెండు మూడు ఫైళ్ళుంటే వాటిని కలిపేయాలి. ఒకరోజు ఒకే పేరు, ఒకే వయసు, ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాతో రెండు ఫైళ్ళు వచ్చాయి. అక్షరం తేడా మామూలే, రాసేవాళ్ళు రాసే తీరు అది. కలిపేయబోతుంటే ఒకదాంట్లో బ్లడ్ గ్రూపు బి పాజిటివ్ అనీ రెండోదాంట్లో ఓ పాజిటివ్ అనీ కనిపించింది. చెయ్యి ఆగిపోయిందట. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఒక పెద్దావిడ ఉంది. ఆవిణ్ణి అడిగితే, "అనుమానం వస్తే కలపొద్దు. విడిగా ఉన్నవి రేపైనా కలపొచ్చు. కలిసిపోయినవాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు" అందట. ఆ తర్వాత మా పిల్ల పేరు చూసి కలపడం మానేసింది. తండ్రి పేరు, చిరునామా, అలర్జీలు, పాత ఆపరేషన్లు, ఇవి సరిచూశాకే ముందుకెళ్ళేది. అనుమానం వచ్చినవాటికి విడిగా ఒక అర పెట్టించుకుంది. ఒక డాక్టరు గారి ఒకటికీ ఏడుకీ తేడా తెలియదని కనిపెట్టి, ఆయన రాసిన మందుల మోతాదుల్లో ఏది ఏ అంకో చుట్టూ ఉన్న మాటలను బట్టి పోల్చుకోవడం నేర్చుకుంది. సెలవులు అయిపోయే సమయానికి పక్క సెక్షన్ వాళ్ళు కాగితాలు పట్టుకొచ్చి, "ఈ అంకె ఏంటో చూడమ్మా" అని అడిగేవారట.

"ఇది రిపోర్టులో ఎందుకు రాయలేదే?" అన్నాను.

"అదా? అది పని కదా పిన్నీ. అందులో గ్రోత్ ఏముంది?"

ప్రయాణం సంగతీ అంతే. రిపోర్టులో "విభిన్న సంస్కృతులను అర్థం చేసుకునే అవకాశం కలిగింది" అని ఒక వాక్యం ఉంది. జరిగింది వేరు. ఆఖరి బస్సు తప్పిపోయి నలుగురు ఆడపిల్లలు రాత్రంతా రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో బ్యాగుల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. టైం తప్పు చెప్పింది నువ్వంటే నువ్వని పోట్లాడుకున్నారు. వాళ్ళలో ఇద్దరికి ఇప్పటికీ మాటల్లేవు. ఏ సంస్కృతిని అర్థం చేసుకున్నారో నాకు తెలియదు కానీ ఒకళ్ళనొకళ్ళు మాత్రం బాగానే అర్థం చేసుకున్నారు.

ఇక్కడ నన్ను కలవరపెట్టింది అబద్ధం కాదు. అమ్మాయి అబద్ధం రాయలేదు. తన వేసవిలో అసలైన భాగం ఏదో తనకే తెలియకుండా పోయింది. ఫారం ఏది అడిగిందో అదే విలువైనదని నమ్మింది. ఫైళ్ళ సంగతి పనికిరానిదనుకుని వదిలేసింది.

డార్విన్ ఫారం నింపి ఉంటే

ఇలాంటివి ఆలోచించినప్పుడల్లా నాకు 1831 వేసవి గుర్తొస్తుంది. ఛార్లెస్ డార్విన్‌కు అప్పుడు 22 ఏళ్ళు. అంతకుముందే వైద్యం చదువు సగంలో వదిలేశాడు. కేంబ్రిడ్జిలో డిగ్రీ పరీక్ష గట్టెక్కి, చర్చిలో పాదిరీ అయ్యే దారిలో ఉన్నాడు. ఆ వేసవికి మాత్రం పెద్ద ప్లానే ఉంది. కానరీ దీవుల్లోని టెనెరీఫ్‌కు వెళ్ళాలని స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రాతి పొరల వాలు కొలిచే క్లినోమీటర్ అనే పరికరం సంపాదించాడు. తన పడగ్గదిలోని బల్లలన్నిటినీ రకరకాల కోణాల్లో వాల్చి, వాటి వాలు కొలిచి ప్రాక్టీసు చేశాడు. గురువు హెన్‌స్లోకు ఉత్తరంలో ఈ సంగతి తనే రాసుకున్నాడు.

టెనెరీఫ్ ప్రయాణం జరగనే లేదు. తోడు వస్తానన్న మిత్రుడు రామ్సే జూలై ఆఖర్లో చనిపోయాడు. ఆగస్టులో భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆడమ్ సెడ్జ్‌విక్ వెంట డార్విన్ ఉత్తర వేల్స్ కొండలకు వెళ్ళాడు. అది విహారయాత్ర కాదు. సెడ్జ్‌విక్‌కు అక్కడ పనుంది. తను ఒక దారిన నడుస్తూ, కుర్రవాణ్ణి సమాంతరంగా ఇంకో దారిన పంపి, రాళ్ళ నమూనాలు తెమ్మనీ, పొరలు ఎటు వాలాయో మ్యాపు మీద గుర్తుపెట్టమనీ చెప్పేవాడు. క్వుమ్ ఇడ్వల్ అనే లోయలో ఇద్దరూ గంటల తరబడి శిలాజాల కోసం వెతికారు. ఆ లోయ నిండా ప్రాచీన హిమానీనదాల గుర్తులే. గీతలు పడ్డ రాళ్ళు, ఎక్కడి నుంచో వచ్చి కుదురుకున్న బండలు. ఇద్దరిలో ఒక్కరికీ అవి కనిపించలేదు. కాలిపోయిన ఇల్లయినా తన కథను అంత స్పష్టంగా చెప్పదు అనే అర్థంలో డార్విన్ ముసలితనంలో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ గుర్తులను గుర్తుపట్టి చూడడానికి అదే ప్రాంతానికి మళ్ళీ వెళ్ళింది 1842లో.

ఆగస్టు నెలాఖరుకు ఇంటికొచ్చాడు. ఎందుకొచ్చాడంటే మేనమామ ఊళ్ళో కౌజుపిట్టల వేట మొదలవబోతోంది. భూగర్భ శాస్త్రం కోసం వేట మొదటి రోజులు వదులుకోవడం తనకప్పట్లో పిచ్చితనంలా అనిపించేదని తనే ఒప్పుకున్నాడు.

ఆ రోజున ఎవరైనా ఫారం చేతికిచ్చి "ఈ వేసవి నిన్ను ఎలా మార్చింది" అని అడిగి ఉంటే ఏం రాసేవాడు? అనుకున్న ప్రయాణం రద్దు. స్పానిష్ సగంలో ఆగింది. లోయలో శిలాజాలు దొరికాయో లేదో, అసలు చూడవలసింది మాత్రం చూడలేదు. సున్నా మార్కులు. కానీ ఇంట్లో ఆ సాయంత్రం హెన్‌స్లో ఉత్తరం ఎదురుచూస్తోంది, బీగిల్ నౌకలో ప్రకృతి పరిశీలకుడిగా వెళ్తావా అని. ఆ ఉత్తరంలో నాకు బాగా నచ్చే మాట ఒకటుంది. నువ్వు పూర్తిగా తయారైన శాస్త్రజ్ఞుడివని కాదు, సేకరించడం, గమనించడం, రాసిపెట్టుకోవడం నీకు బాగా వచ్చు కాబట్టి నీ పేరు చెప్పాను అన్నాడు హెన్‌స్లో. అంటే ఆయన సిఫార్సు చేసింది ఈ కుర్రాడు ఎంత ఎదిగాడని కాదు, వీడికి ఏ పని చేతనవుతుందని. అది కూడా కుర్రాడు చెప్పుకున్నది కాదు, పక్కన నడుస్తూ చూసిన మనిషి చెప్పింది.

ఇలాంటిదే విలియం పెర్కిన్ కథ. 18 ఏళ్ళ కుర్రాడు, 1856 ఈస్టర్ సెలవుల్లో ప్రొఫెసరు ఊళ్ళో లేని సమయంలో ఇంట్లోని చిన్న ల్యాబులో మలేరియా మందు క్వినైన్ తయారు చేద్దామని కూర్చున్నాడు. రాలేదు. నల్లటి మడ్డి మిగిలింది. దాన్ని ఆల్కహాల్‌తో కడుగుతుంటే వచ్చిన ఊదా రంగే కృత్రిమ రంగుల పరిశ్రమకు నాంది. సెలవుల రిపోర్టు రాసి ఉంటే "లక్ష్యం: క్వినైన్, ఫలితం: శూన్యం".

గొప్పవాళ్ళ కథలు చెప్పి దబాయించడం తేలికేనని నాకూ తెలుసు. అలాంటి వేసవి గడిపి ఏమీ కాని వేలమంది పేర్లు మనకు తెలియవు. నేను చెప్పదలచుకున్నది వాళ్ళ గొప్పతనం గురించి కాదు. ఆ వేసవి విలువెంతో ఆ వేసవి చివర్లో వాళ్ళకే తెలిసే వీలు లేదు. మనకు మాత్రం ఎలా తెలుస్తుంది?

మన మీద మన తీర్పు

పోనీ, గొప్పవాళ్ళను వదిలేద్దాం. నేర్చుకున్నామా లేదా అన్న విషయంలో మామూలు మనుషుల అంచనా ఎంత దారితప్పుతుందో తేల్చిన ప్రయోగాలున్నాయి. నేట్ కోర్నెల్, రాబర్ట్ బ్యోర్క్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించినది నాకు బాగా గుర్తుండిపోయింది. 12 మంది అంతగా పేరు తెలియని చిత్రకారులు వేసిన ప్రకృతి దృశ్యాలను విద్యార్థులకు చూపించారు. కొందరు చిత్రకారుల బొమ్మలు వరసగా ఒకేచోట, మరికొందరివి కలగాపులగంగా. తర్వాత అదే చిత్రకారులు వేసిన కొత్త బొమ్మలు చూపి, ఇది ఎవరు వేశారో చెప్పమన్నారు. కలగాపులగంగా చూసినవాటిలోనే ఎక్కువమంది బాగా చెప్పారు. కానీ పరీక్ష రాసేసిన తర్వాత కూడా, ఏ పద్ధతిలో బాగా నేర్చుకున్నారని అడిగితే ఎక్కువమంది వరసగా చూసిందే మేలన్నారు. సులువుగా సాగిపోయినదాన్ని మనసు నేర్చుకున్నట్టు లెక్కేసుకుంటుంది. తడబడినదాన్ని రానట్టు లెక్కేస్తుంది.

2019లో హార్వర్డ్ భౌతిక శాస్త్ర తరగతుల మీద లూయీ దెలోరియే బృందం చేసిన అధ్యయనంలోనూ ఇదే తంతు. తామే కుస్తీపడి లెక్కలు చేసిన విద్యార్థులకు మార్కులు ఎక్కువ వచ్చాయి, కానీ చక్కటి ఉపన్యాసం విన్నవాళ్ళే తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు.

ఒక తరగతి గంటలో ఏం నేర్చామో చెప్పడానికే మనకింత కష్టమైతే, ఒక వేసవి మొత్తం మన స్వభావాన్ని ఏం చేసిందో ఇరవై ఏళ్ళ పిల్ల నాలుగు పేజీల్లో ఎలా చెప్పగలదు? చెప్పలేదు కాబట్టే అరువు తెచ్చుకుంటుంది. సీనియర్ల రిపోర్టుల నుంచి, లింక్డిన్ పోస్టుల నుంచి, ఈ మధ్య ఏఐ నుంచి. అందరి రిపోర్టులూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. ఫైళ్ళ గదిలో కూర్చున్న పిల్లా, పొలంలో మట్టి నమూనాలు తీసిన పిల్లాడూ ఒకే రకంగా ఎదిగిపోతారు.

దీనికి ఎదురు వాదన ఉంది, తేలికైనదీ కాదు. నా స్నేహితురాలు ఒకామె కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఈ మాటలన్నీ ఆమెతో అంటే వెంటనే కొట్టిపారేసింది. "చేసిన పని గురించి వెనక్కి తిరిగి ఆలోచించకపోతే అది అనుభవమే కాదు, ఉత్త కాలక్షేపం. మేము రాయమంటేనే పిల్లలు ఆలోచిస్తారు" అంది. 1984లో డేవిడ్ కోల్బ్ అనే విద్యావేత్త చెప్పిన వలయం సంగతి ఎత్తింది. అనుభవం, దాని మీద ఆలోచన, అందులోంచి ఒక సూత్రం, ఆ సూత్రాన్ని మళ్ళీ పనిలో పెట్టి చూడడం. ఈ నాలుగూ తిరిగితేనే చదువు అంటాడాయన.

నిజమే, ఒప్పుకుంటాను. కానీ మా పిల్ల ఆ వలయం రికార్డుల గదిలోనే తిరిగింది కదా. రెండు ఫైళ్ళు చూసింది, ఆగింది, అడిగింది, పేరు ఒక్కటే చాలదని తెలుసుకుంది, మర్నాడు అలర్జీలు కూడా సరిచూసింది. ఆలోచన పని మధ్యలోనే జరిగింది, పని కోసం జరిగింది. రిపోర్టులో జరిగేది అది కాదు. అక్కడ వలయం రెండో మెట్టు మీదే ఆగిపోతుంది, ఎందుకంటే రిపోర్టు ఇచ్చేశాక మళ్ళీ పట్టుకునే పనేమీ ఉండదు. పైగా చదివేవాళ్ళు మార్కులేసే మనుషులైనప్పుడు ఎవరూ తమ తడబాటు రాయరు, గెలుపే రాస్తారు. ఈ మాటంటే ఆమె ఒక్క క్షణం ఆగి, "అయితే నీ ఫారం ఎలా ఉంటుందో నువ్వే చెప్పు" అంది.

నేను కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పాత పద్ధతే ఒకటుంది. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో వడ్రంగులూ తాపీ పనివాళ్ళూ శిక్షణ అయ్యాక ఊళ్ళ మీద పడి పనిచేసుకుంటూ తిరిగేవాళ్ళు. ఇప్పటికీ కొద్దిమంది తిరుగుతున్నారు, నియమం ప్రకారం మూడేళ్ళ ఒక్క రోజు, సొంత ఊరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకుండా. 19వ శతాబ్దంలో వాళ్ళ దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఏ ఊళ్ళో, ఏ మేస్త్రి దగ్గర, ఎంతకాలం పనిచేశాడో అందులో రాసి ముద్ర వేసేవాళ్ళు. పోలీసులు అడిగితే చూపించాలి కాబట్టి అది నిఘా కూడా. దాన్నేం ఆకాశానికెత్తక్కర్లేదు. పనీ ప్రయాణమూ మనిషి ఎదగడమూ విడివిడి గడులు కాకుండా ఒక్కటిగా ఉన్న జీవితం అది. ఆ పుస్తకంలో చేసిన పని ఉంది, చూసినవాళ్ళ సంతకం ఉంది. నీ ఆత్మవిశ్వాసం ఎంత పెరిగిందని ఆ మేస్త్రి అడిగాడంటే నేను నమ్మను.

అనుభవం ఇస్తున్నాం కదా

ఏమయ్యావు అనే ప్రశ్న వల్ల ఇంకో నష్టం ఉంది, ఇది నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. అనుభవమే జీతం అని నమ్మిన పిల్లలకు అసలు జీతం ఎగ్గొట్టడం తేలిక.

అమెరికాలో "సమ్మర్ వర్క్ ట్రావెల్" అని విదేశీ విద్యార్థులకు జె-1 వీసా పథకం ఒకటుంది. ఎక్కువలో ఎక్కువ నాలుగు నెలలు. దానికి మూలమైన చట్టం 1961 నాటిది, కాగితం మీద ఉద్దేశం సాంస్కృతిక మార్పిడి. చేసే పని హోటల్ గదులు సర్దడం, అంట్లు కడగడం, ఈత కొలను దగ్గర కాపలా. ఇందులో తప్పేం లేదు, చాలామంది సంతోషంగానే చేసి వస్తారు. కానీ 2011 ఆగస్టులో పెన్సిల్వేనియాలో చాక్లెట్లు పెట్టెల్లో సర్దే ఒక గిడ్డంగి నుంచి వేరే వేరే దేశాల విద్యార్థులు పని ఆపేసి బయటికొచ్చారు. బరువైన పెట్టెలు, రాత్రి షిఫ్టులు, అద్దెలూ గట్రా కోసుకోగా చేతికి మిగిలేది బహు స్వల్పం అని వాళ్ళ ఫిర్యాదు. మేం చూడాలనుకున్న అమెరికా ఇదేనా అన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం నిబంధనలు మార్చి, ముఖ్యంగా రాత్రిపూట సాగే పనులూ, ఫ్యాక్టరీ తయారీ పనులూ ఈ పథకంలో పెట్టకూడదంది.

ఆ గిడ్డంగిలో పని కష్టమని కాదు నా బాధ. కష్టమైన పని చేసి డబ్బు తెచ్చుకోవడం కంటే మర్యాదైన వేసవి ఏముంది? కూలీ పనికి "ఎదుగుదల" అనే కాగితం చుట్టి అమ్మడం గురించి నా బాధ. జీతం లేని ఇంటర్న్‌షిప్పులు నడిచేదీ ఇదే సూత్రం మీద. ఏం చేశావు, ఎన్ని గంటలు చేశావు, ఎంత ఇచ్చారు అని ఫారం అడిగితే, కాలేజీకి కనీసం తమ పిల్లల్ని ఎవరు వాడుకుంటున్నారో తెలుస్తుంది. ఎలా మారావు అని అడిగితే, "ఒత్తిడిని తట్టుకోవడం నేర్చుకున్నాను" అనే జవాబు వస్తుంది. ఆ ఒత్తిడి ఎవరు పెట్టారో దాంట్లో ఉండదు.

మా పిల్ల క్లాస్‌మేట్ ఒకబ్బాయి మొక్కల నర్సరీలో పనికి కుదిరాడు. చేతికి డబ్బులొచ్చేవి, పనీ నచ్చింది. రెండో వారానికే మానేసి ఏదో సర్టిఫికెట్ కోర్సులో చేరాడు. "రిపోర్టులో రాయడానికేం లేదు" అన్నాడట. ఫారం వేసవి చివర్లో వచ్చే కాగితం అనుకుంటాం కానీ, అది మొదటి రోజు నుంచే పిల్లల చేత ఎంపికలు చేయిస్తుంది.

వేసవి బిజీగా ఉండకూడదని నేననను. ఖాళీ సెలవులంటే పెద్దవాళ్ళకు ఎప్పుడూ భయమే, దానికి కొంత ఆధారమూ ఉంది. స్కూలు పిల్లలు వేసవిలో సగటున నెల రోజుల చదువు మరిచిపోతారని హారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలు సమీక్షించి చెప్పింది. 2019లో పాల్ వాన్ హిప్పెల్ అనే పరిశోధకుడు మళ్ళీ తిరగదోడి, పాత పరీక్షల తీరులోనే లోపముందనీ, ఆ నష్టాన్ని అంత గట్టిగా చెప్పలేమనీ అన్నాడు. తగువు ఇంకా నడుస్తోంది. డిగ్రీ పిల్లలకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే సంగతి. బిజీగా ఉంటే ఉండనీ. ఆ బిజీ అంతా ఒక వ్యాసానికి ముడిసరుకు కాకపోతే చాలు.

డబ్బు సంగతి

ఇంత మాట్లాడాక నన్ను నిలదీయాల్సిన చోటు ఇది. డార్విన్ కథ చెప్పాను కానీ, బీగిల్ ప్రయాణానికి అతనికి జీతం లేదు. ఖర్చు వాళ్ళ నాన్నది. అసలు ఆ నాన్న మొదట ఒప్పుకోలేదు. పనికిరాని పని అన్నాడు, పాదిరీ కాబోయేవాడికి పరువు తక్కువన్నాడు, మళ్ళీ దారి మారుస్తున్నావన్నాడు. ఆ అభ్యంతరాలన్నిటినీ డార్విన్ ఎనిమిది అంశాల జాబితాగా రాసి మేనమామకిచ్చాడు. మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్ ఒక్కోదానికీ జవాబు రాసి తండ్రిని మెత్తబరిచాడు. నౌకలో నా అలవెన్సు కంటే ఎక్కువ ఖర్చు పెట్టాలంటే చాలా తెలివి కావాలి నాన్నా అని కొడుకంటే, నువ్వు చాలా తెలివైనవాడివనే అందరూ చెబుతున్నారు అన్నాడట ఆ తండ్రి. ఇలాంటి ఇల్లున్నవాడికి వేసవి లెక్కలు ఎవరికీ అప్పజెప్పనక్కర్లేదు. మాట సాయం చేసే మేనమామ లేనివాడికో?

స్కాలర్‌షిప్ దరఖాస్తులు చదివే ఒకాయన నాతో ఇదే అన్నాడు. "మీకు ఆ రిపోర్టులు బోలుగా అనిపించొచ్చు. కానీ పెద్ద కంపెనీ పేరు చెప్పుకోలేని పిల్లకు తన గురించి నాలుగు మాటలు చెప్పుకునే చోటు అదొక్కటే. అదీ తీసేస్తే మిగిలేది కంపెనీ పేర్లే." ఈ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. నిజంగానే, ఏం చేశావో మాత్రమే అడిగితే, బంధువుల ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్న పిల్లాడి జాబితా మెరుస్తుంది. నర్సరీలో మట్టి మోసినవాడిది ఒక్క లైనుతో అయిపోతుంది.

అయినా నా మాట మీదే ఉన్నాను, చిన్న సవరణతో. చెప్పుకునే చోటు ఉండాలి. అక్కడ అడిగేది మాత్రం వేరుగా ఉండాలి. "నీ పనిలో ఒక రోజు ఎలా నడిచిందో రాయి. నువ్వు ఆగిపోయిన ఒక సందర్భం రాయి. ఎవరిని అడిగావు, ఏం చెప్పారు, తర్వాత ఏం చేశావు." దీనికి కంపెనీ పేరు అక్కరకు రాదు. ఏసీ గదిలో ఫోన్ చూస్తూ కూర్చున్నవాడు రెండో వాక్యం దగ్గరే దొరికిపోతాడు. మొక్క వేరు చుట్టూ మట్టి ఎంత గట్టిగా అదమాలో తెలిసినవాడు పేజీ నింపేస్తాడు. ఇంగ్లీషు బాగా రానివాడు కూడా నింపగలడు, ఎందుకంటే జరిగిన విషయానికి మాటలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. చివర్లో ఆ పనిని దగ్గరుండి చూసిన మనిషి రెండు లైన్లు రాసి సంతకం పెట్టాలి. ఆఫీసరే కానక్కర్లేదు. రికార్డుల గదిలో ఆ పెద్దావిడ రాస్తే చాలు.

ఈ ఫారం గురించి చెబితే మా పిల్లకు బాగానే నచ్చింది, కానీ వెంటనే ఒక మెలిక పెట్టింది. వాళ్ళ క్లాసులో ఒకమ్మాయి ఈ వేసవంతా ఎక్కడికీ కదలలేదట. పక్షవాతం వచ్చిన అమ్మమ్మకు రెండు గంటలకోసారి పక్క మార్చడం, గొట్టంలోంచి ఆహారం ఎక్కించడం, ఫిజియోథెరపీ చేయించడం. సెలవుల రిపోర్టులో ఆ అమ్మాయి ఒక ఆన్‌లైన్ కోర్సు గురించి రాసింది. అందులో మొదటి మూడు వీడియోలు తప్ప ఏమీ చూడలేదు. నా ఫారంలో ఆమెకు చోటుంది, ఒక రోజు ఎలా నడిచిందో ఆమె రాసినంతగా ఇంకెవరూ రాయలేరు. కానీ సంతకం? అమ్మమ్మకు కుడి చెయ్యి రాదు. వేలిముద్ర వేయిస్తే కాలేజీ ఒప్పుకుంటుందో లేదో నా స్నేహితురాల్ని అడిగాను. ప్రిన్సిపాల్‌ను కనుక్కుని చెబుతానంది, ఇంకా చెప్పలేదు.